జన్యుశాస్త్ర మార్గదర్శి ప్రొఫెసర్ ఒబైద్ సిద్దీఖీ

విద్య గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా మన పెద్దలు ఇబ్న్ సీనా, అల్ బిరూనీ, జాబిర్ బిన్ హయ్యాన్ వంటి మహనీయుల పేర్లు తలుచుకుంటారు. తలుచుకోవలసినదే. అయితే వెయ్యేళ్ల కిందటి పేర్లు చెప్పి అక్కడితో ఆగిపోతే, ఆ తర్వాత మనలో ఎవ్వరూ పుట్టలేదా అని పిల్లలు అడుగుతారు. పుట్టారు. మన దేశంలోనే, మన తండ్రుల కాలంలోనే పుట్టారు. వాళ్ల పేర్లు మన ఇళ్లదాకా రాలేదు, అంతే.

అట్టివారిలో అగ్రగణ్యులు ప్రొఫెసర్ ఒబైద్ సిద్దీఖీ సాహెబ్. భారతదేశంలో అణుజీవశాస్త్రానికి పునాదులు వేసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. రెండు పెద్ద పరిశోధన కేంద్రాలు ఆయన చేతి మీదుగా వెలిశాయి. జీవకణంలోని డి.ఎన్.ఎ. ఎలా తెగుతుంది, ఎలా అతుకుతుంది, తప్పు దొర్లితే కణం ఏం చేస్తుంది అన్న ప్రశ్నలతో మొదలుపెట్టి, ఈగకు తీపీ చేదూ ఎలా తెలుస్తాయి అన్న ప్రశ్నదాకా సాగింది ఆయన ప్రయాణం. ఈ సంచికలో ఆ ప్రయాణాన్ని మన సభ్యుల కుటుంబాలకు పరిచయం చేయదలచాము. సైన్సు చదవని వారికి కూడా అర్థమయ్యేట్లు రాయాలని మా ప్రయత్నం.

బస్తీ నుంచి అలీగఢ్

ఒబైద్ సిద్దీఖీ 1932 జనవరి 7న నేటి ఉత్తర ప్రదేశ్‌లోని బస్తీ జిల్లాలో జన్మించారు. గోరఖ్‌పూర్ పక్కనున్న జిల్లా అది. పొలాలూ, చెరువులూ, చిన్న చిన్న ఊళ్లూ తప్ప పెద్ద నగరాల హంగులు లేని ప్రాంతం. అక్కడి నుంచి ఆయన చదువుకోసం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి చేరుకున్నారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో నాటిన విత్తనం 1920లో విశ్వవిద్యాలయమై ఎందరికో నీడనిచ్చిన సంగతి మనకు తెలిసినదే. ఆ నీడలోనే సిద్దీఖీ సాహెబ్ వృక్షశాస్త్రం చదువుకున్నారు.

అవి ఎటువంటి రోజులో ఒక్కసారి ఊహించుకోండి. దేశ విభజన నాటికి ఆయనకు పదిహేనేళ్లు. ఒకే ఇంట్లో అన్న ఇటు, తమ్ముడు అటు అయిపోయిన కాలం. ఉండాలా, వెళ్లాలా అన్న ప్రశ్న ఉత్తరాది ముస్లిం కుటుంబాల్లో ప్రతి పూటా భోజనాల దగ్గర నలిగిన కాలం. యువకుడైన సిద్దీఖీ వామపక్ష భావాలతో విద్యార్థి ఉద్యమాల్లో చేరారు. ఆ కారణంగా జైలుకు కూడా వెళ్లారు. స్వతంత్ర భారతం ఇంకా తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో, చదువుకోవలసిన వయసులో ఆయన ఊచల వెనుక గడిపారు.

జైలుకు వెళ్లొచ్చిన కుర్రవాడంటే మన సమాజం ఎలా చూస్తుందో చెప్పనక్కరలేదు. వీడి చదువు అటకెక్కినట్టే అని బంధువులు తీర్మానించేస్తారు. కాని ఆయన చదువు అటకెక్కలేదు. తిరిగి వచ్చి పుస్తకం పట్టుకున్నారు. ఎం.ఎస్సీ. ముగించి, అలీగఢ్‌లోనే పాఠాలు కూడా చెప్పారు.

వడగళ్ల వాన చేసిన మేలు

తరువాత ఆయన ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో గోధుమ మొక్కల జన్యువుల మీద పని మొదలుపెట్టారు. పూసా ఇన్‌స్టిట్యూట్ అని జనం పిలుచుకునేది ఆ సంస్థనే. పొలంలో పని అంటే తెలుసు కదా. విత్తాలి, మొలవాలి, కంకి రావాలి, అప్పుడుగాని లెక్క తేలదు. ఒక్క ప్రయోగానికి ఒక పంటకాలం పడుతుంది.

ఇంతలో ఒకనాడు వడగళ్ల వాన కురిసింది. ఆయన ప్రయోగం కోసం పెంచుకున్న గోధుమ మొక్కలు కాస్తా నేలమట్టమైపోయాయి. వడగళ్లు పడి మామిడితోట నాశనమైన రైతు గుండె ఎలా ఉంటుందో మన పల్లెల్లోని వారికి తెలుసు. సిద్దీఖీ సాహెబ్ పరిస్థితి అదే. అయితే ఆయన తలపట్టుకుని కూర్చోలేదు. వానకూ ఎండకూ లొంగని, నాలుగు గోడల మధ్య, నెలలు కాక రోజుల్లో తేలిపోయే జన్యుశాస్త్రం వైపు మళ్లారు. స్కాట్‌లాండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ గైడో పాంటికోర్వో దగ్గర పరిశోధక విద్యార్థిగా చేరారు.

ఈ పాంటికోర్వో గారి సంగతి కూడా రెండు మాటల్లో చెప్పుకోవాలి. ఆయన ఇటలీలో పుట్టిన యూదుడు. ముస్సోలినీ ప్రభుత్వం 1938లో యూదులకు వ్యతిరేకంగా చట్టాలు తెచ్చాక సొంత దేశంలో చోటులేక బ్రిటన్ చేరారు. ఇల్లూ వాకిలీ వదిలిపెట్టి వచ్చిన యూదు గురువు, జైలు చూసి వచ్చిన భారతీయ ముస్లిం శిష్యుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని పని చేశారు. విద్య దగ్గర జాతులూ మతాలూ అడ్డురావని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

బూజులో దొరికిన రహస్యం

పాంటికోర్వో ప్రయోగశాలలో పని చేసినది ఆస్పర్జిల్లస్ అనే బూజు మీద. రొట్టె మీద, తడి తోలు మీద పట్టే బూజుకు అది చుట్టమే. దాన్ని గాజు పళ్లెంలో పెంచవచ్చు. కొద్ది రోజుల్లో కోట్ల కొద్దీ బీజాలు వేస్తుంది.

ఆ రోజుల్లో జన్యుశాస్త్రజ్ఞుల ముందున్న ప్రశ్న ఇది. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు వచ్చేటప్పుడు జన్యువులు కలగలిసి మారతాయి. మరి ఈ మార్పిడి జన్యువుకూ జన్యువుకూ మధ్యనే జరుగుతుందా, లేక ఒకే జన్యువు లోపల కూడా జరుగుతుందా? జరిగితే ఎక్కడ జరుగుతుంది?

సిద్దీఖీ సాహెబ్ ఎన్నుకున్న జన్యువు పేరు పాబా. విటమిను వంటి ఒక పదార్థాన్ని తయారు చేసుకోవడానికి బూజుకు ఆ జన్యువు కావాలి. అది చెడితే ఆ పదార్థాన్ని బయటినుంచి ఇస్తేగాని బూజు బ్రతకదు. ఆ జన్యువు వేర్వేరు చోట్ల చెడిన రెండు రకాల బూజులను ఆయన కలిపారు. వాటి సంతానాన్ని ఆ పదార్థం లేని మేత మీద చల్లారు. లక్షల్లో దాదాపు అన్నీ చచ్చిపోతాయి. ఒకటో రెండో మాత్రం మొలకెత్తుతాయి. చెడిన తల్లి నుంచి ఒక మంచి ముక్క, చెడిన తండ్రి నుంచి ఇంకొక మంచి ముక్క వచ్చి, కలిసి మంచి జన్యువు తయారైనవన్నమాట అవి. అట్టివాటిని ఓపికగా లెక్కబెట్టి, జన్యువు లోపలి పటం గీశారు ఆయన. ఈ మార్పిడి జన్యువు పొడవునా సమానంగా జరగడం లేదనీ, ఒక కొస నుంచి ఇంకొక కొసకు ఒక మొగ్గు ఉందనీ చూపించారు. రసాయనాలు జన్యువును ఎలా మారుస్తాయన్నది కూడా ఆ బూజులోనే పరీక్షించారు. 1961లో గ్లాస్గో ఆయనకు డాక్టరేటు ఇచ్చింది.

వాక్యం మధ్యలో పడిన చుక్క

ఆ వెంటనే ఆయన అమెరికా వెళ్లి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆలన్ గారెన్‌తో కలిసి పని చేశారు. 1962లో వారిద్దరూ ప్రచురించిన పరిశోధన ప్రపంచ శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించింది. ఇది కొంచెం నిదానంగా చెప్పుకోవలసిన విషయం.

డి.ఎన్.ఎ.ను ఒక పుస్తకం అనుకోండి. అందులో నాలుగే నాలుగు అక్షరాలు. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక మాట. ఆ మాటలను చదువుకుంటూ కణం ప్రోటీను అనే దారాన్ని పేనుతుంది. వెనకటికి మన ఇళ్లలో కితాబులను కాతిబులు చేత్తో రాసేవారు. ఎంత మంచి కాతిబైనా ఎక్కడో ఒకచోట అక్షరం తప్పు పడుతుంది. ఒక్కొక్కసారి తప్పు పడినా వాక్యం అర్థమవుతుంది. మరొకప్పుడు వాక్యం మధ్యలో చుక్క పడిపోతుంది. చదివేవాడు వాక్యం అయిపోయిందనుకుని అక్కడే ఆగిపోతాడు. డి.ఎన్.ఎ.లో కూడా అట్టి తప్పులుంటాయి. అర్థంలేని మాట పడిన చోట కణం ప్రోటీను పేనడం ఆపేస్తుంది. ప్రోటీను సగంలో తెగిపోతుంది.

గారెన్, సిద్దీఖీలు పని చేసినది మన పేగుల్లో ఉండే ఇ.కోలి బాక్టీరియా మీద. కొన్ని బాక్టీరియాల్లో ఒక ఎంజైము తయారుకాకుండా పోయింది. చిత్రమేమిటంటే, పుస్తకంలో పూర్తిగా వేరే చోట ఇంకొక మార్పు జరిగితే ఆ ఎంజైము మళ్లీ తయారవసాగింది. అంటే అడ్డంగా పడిన చుక్కను చుక్కగా కాక ఒక మాటగా చదివేసి ముందుకు సాగిపోవడం కణానికి చేతనైందన్నమాట. మొదటి తప్పు దిద్దుబాటు కాలేదు. చదివే పద్ధతే మారింది. తరువాత కొద్ది ఏళ్లకు జన్యుభాష అంతా విప్పి చదివినప్పుడు, వాక్యం ముగిసిందని చెప్పే మాటలు మూడు ఉన్నాయని తేలింది. ఆ తేలడానికి దారి చూపిన తొలి అడుగుల్లో ఇది ఒకటి.

బొంబాయికి తిరుగు ప్రయాణం

అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు. అమెరికాలో పేరు వచ్చింది. పెద్దపెద్ద ప్రయోగశాలల తలుపులు తెరుచుకుని ఉన్నాయి. ఇండియాలోనో, అణుజీవశాస్త్రం అనే మాట విన్నవాళ్లే తక్కువ. ఎవరైనా ఏం చేస్తారు? మన బంధువర్గంలో అట్టి పిల్లవాడు తిరిగి వస్తానంటే మనమే వద్దని ఉత్తరం రాసి ఉండేవాళ్లం.

ఆయన వచ్చారు. భౌతికశాస్త్రం నుంచి జీవశాస్త్రానికి మళ్లిన లియో జిలార్డ్ అనే సుప్రసిద్ధ శాస్త్రవేత్త సిద్దీఖీ గురించి హోమీ భాభాకు చెప్పారు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌ను 1945లో స్థాపించిన భాభా గారు అణుశక్తి పితామహులుగా మనకు తెలుసు. ఆ సంస్థ అంతా గణితం, భౌతికశాస్త్రమే. అయినా భాభా గారు ముప్ఫై ఏళ్ల యువకుణ్ణి నమ్మి, అక్కడ ఒక అణుజీవశాస్త్ర విభాగం పెట్టమన్నారు. 1962లో ఆ విభాగం మొదలైంది. కొద్దికాలానికే పబిత్ర మైత్రా వంటి సమర్థులు వచ్చి చేరారు. సైక్లోట్రాన్ల గురించీ, విశ్వకిరణాల గురించీ మాట్లాడుకునే చోట బాక్టీరియాల పళ్లేలు పేర్చుకుని కూర్చున్నారు సిద్దీఖీ సాహెబ్. 1966లో విమాన ప్రమాదంలో భాభా గారు మరణించినా, ఆయన నాటించిన మొక్క వాడిపోలేదు.

డి.ఎన్.ఎ.కు రఫూ

ఇక ఆయన బాక్టీరియాల్లో చేసిన ముఖ్యమైన పని గురించి చెప్పుకోవాలి.

ఇ.కోలి బాక్టీరియాలు రెండు పక్కపక్కన చేరి, ఒకటి తన డి.ఎన్.ఎ.ను ఇంకొకదానికి దానం చేస్తుంది. పుచ్చుకున్నదాని సంతానంలో దాత లక్షణాలు కొన్ని కనపడతాయి. ఇది ఎలా జరుగుతుంది? రెండు రకాలుగా జరగవచ్చు. కాతిబు రెండు ప్రతులు ముందు పెట్టుకుని, కొంత దీన్ని చూసి, కొంత దాన్ని చూసి మూడో ప్రతి రాయవచ్చు. అప్పుడు పాత కాగితం ఏదీ కొత్త పుస్తకంలోకి రాదు. లేదా ఒక పుస్తకంలోంచి కాగితం చింపి ఇంకొకదాంట్లో అతికించవచ్చు. ఈ రెంటిలో కణం ఏది చేస్తుంది?

1963లో ప్రచురించిన పరిశోధనలో సిద్దీఖీ సాహెబ్ దాత డి.ఎన్.ఎ. ఎక్కడికి పోతుందో వెంబడించి చూశారు. దాత ఇచ్చిన అసలు పదార్థమే సంతానపు డి.ఎన్.ఎ.లో కలిసి ఉన్నదని చూపించారు. అంటే నిజంగానే తెంపి అతకడం జరుగుతున్నది. ఆ తరువాత అమెరికాలో మారిస్ ఫాక్స్‌తో కలిసి ఇంకా లోతుకు వెళ్లారు. డి.ఎన్.ఎ. రెండు పోగులు పెనవేసుకున్న తాడు. దాత నుంచి వచ్చినదాంట్లో ఒకే పోగు వచ్చి పాత తాడులో చేరుతున్నదని 1973లో వారు తెలిపారు.

బాక్టీరియాల సంసారం గురించి మనకెందుకు అనుకోకండి. అసలు సంగతి ఇక్కడే ఉంది. మన ఒంట్లోని ప్రతి కణంలో డి.ఎన్.ఎ. రోజుకు వేల చోట్ల దెబ్బ తింటుంది. ఎండవల్ల, పొగవల్ల, ఒంట్లోని వేడివల్ల, నీటివల్ల కూడా. ఎవరూ దాన్ని బాగుచేయకపోతే మనం నాలుగు రోజులు బ్రతకం. కణంలోనే రఫూగర్లు ఉన్నారు. మంచి షేర్వానీకి చిరుగు పడితే ఏం చేస్తాం? రఫూగర్ దగ్గరికి తీసుకుపోతాం. ఆ గుడ్డలోంచే పోగు తీసి, అదే నేత పద్ధతిలో, చిరుగు ఎక్కడుందో కనపడకుండా కుడతాడు. కణమూ అంతే. డి.ఎన్.ఎ. తెగినప్పుడు దాని జత ప్రతిని పక్కన పెట్టుకుని, అందులోని నేతను చూసి, పోగుకు పోగు కలిపి అతుకుతుంది.

దాత పోగును కలుపుకునే పనిముట్లూ, తెగిన డి.ఎన్.ఎ.ను బాగుచేసే పనిముట్లూ చాలావరకు ఒకటే. 1965లో అమెరికాలో ఇంకొక బృందం కనుగొన్న ఒక బాక్టీరియా ఇందుకు సాక్ష్యం. దానికి దాత డి.ఎన్.ఎ.ను కలుపుకోవడం చేతకాదు. అతినీలలోహిత కిరణాలు తగిలితే తట్టుకోలేక చచ్చేదీ అదే. ఒక్క జన్యువు చెడితే రెండు పనులూ చెడ్డాయి. కలుపుకోవడం, కుట్టుకోవడం ఒకే విద్య అని అప్పుడు శాస్త్రజ్ఞులకు అర్థమైంది. సిద్దీఖీ సాహెబ్ వంటివారు పోగు ఎలా చేరుతుందని వెతికిన వెతుకులాట ఈ విద్యకు ఆధారమైంది.

ఈ రఫూ పని చెడితే ఏమవుతుంది? కొందరు పిల్లలు ఎండలోకి వస్తే చాలు, చర్మం కాలి మచ్చలు పడి, చిన్న వయసులోనే చర్మపు కాన్సరు బారిన పడతారు. ఎండ చేసిన గాయాన్ని కుట్టే పనిముట్టు వారిలో పుట్టుకతోనే లేదు. కొన్ని కుటుంబాల్లో అమ్మకూ, పిన్నికీ, చెల్లెలికీ వరుసగా రొమ్ము కాన్సరు రావడం మనం చూస్తున్నాం. ఎవరిదో దిష్టి అనో, ఆ ఇంటికి శాపమనో అంటుంటారు మనవాళ్లు. దిష్టీ కాదు, శాపమూ కాదు. అట్టి కుటుంబాల్లో కొన్నింట తెగిన డి.ఎన్.ఎ.ను అతికే బి.ఆర్.సి.ఎ. అనే జన్యువులు చెడి ఉంటాయి. రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. తెలుసుకుంటే జాగ్రత్తపడవచ్చు. ఈ లోపం ఉన్న కాన్సరు కణాలనే గురిచూసి కొట్టే మందులు కూడా వచ్చాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు స్త్రీలకు ఈ జబ్బు వచ్చి ఉంటే దాచుకోక డాక్టరుకు చెప్పవలసిందిగా మా మనవి.

డి.ఎన్.ఎ. మరమ్మతు మీద చేసిన పరిశోధనలకు 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ముగ్గురు పంచుకున్న ఆ బహుమతిలో ఒకరు తుర్కియేలో ఒక చిన్న ఊళ్లో పుట్టి పెరిగిన అజీజ్ సంజార్ అని కూడా పిల్లలకు చెప్పండి.

నలభై ఏళ్లకు మళ్లీ విద్యార్థి

పేరు వచ్చిన రంగంలో హాయిగా కూర్చోవచ్చు కదా. సిద్దీఖీ సాహెబ్ అలా కూర్చోలేదు. 1970 దశకం మొదట్లో ఆయన అమెరికాలోని కాల్‌టెక్‌కు వెళ్లి సీమర్ బెంజర్‌తో చేరారు. జన్యువులు ఒంటి రంగునూ రూపునూ నిర్ణయిస్తాయని అందరికీ తెలుసు. మరి నడతను, నరాలను కూడా నిర్ణయిస్తాయా? బెంజర్ ఈ ప్రశ్నను పండు ఈగల్లో వెతుకుతున్నారు. అరటిపండు బాగా ముగ్గితే చుట్టూ ముసిరే సన్నటి ఈగలే అవి.

వారిద్దరూ ఒక విచిత్రమైన ఈగల జాతిని పరీక్షించారు. మామూలు వేడిలో అవి చక్కగా ఎగురుతాయి. కొంచెం వేడి పెంచితే ఉన్నవి ఉన్నట్టే పడిపోతాయి. చల్లబరిస్తే లేచి మళ్లీ ఎగురుతాయి. వాటి కండరాల్లో, నరాల్లో విద్యుత్ సంకేతాలను సన్నటి తీగలతో కొలిచి, ఏ లోపం ఎక్కడుందో వెతికారు. 1976లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తరువాతి ఏళ్లలో ఈ ఈగల నుంచి నరాల్లో విద్యుత్తు ఎలా పారుతుందో, ఒక నరం ఇంకొక నరానికి వార్త ఎలా అందిస్తుందో చెప్పే జన్యువులు బయటపడ్డాయి.

బొంబాయికి తిరిగి వచ్చాక ఆయన ఈ పనిని రుచివైపు, వాసనవైపు తిప్పారు. ఆ పనిలో ఆయనకు తోడైన విద్యార్థిని వెరోనికా రోడ్రిగ్స్ కథ మన ఆడపిల్లలు తప్పక తెలుసుకోవాలి. ఆమె గోవా మూలాలున్న కుటుంబంలో కెన్యాలో పుట్టారు. ఐర్లండులోని డబ్లిన్‌లో చదువుకుంటూ, సిద్దీఖీ సాహెబ్ పరిశోధన గురించి తెలుసుకుని ఆయనకు ఉత్తరం రాశారు. సిఫార్సు లేదు, చుట్టరికం లేదు. ఆ ఉత్తరం చదివి ఆయన రమ్మన్నారు. ఆమె వచ్చారు.

వారిద్దరూ కలిసి వేల కొద్దీ ఈగలకు రుచి పరీక్ష పెట్టారు. చక్కెర అంటే ఎగబడని ఈగలు, క్వినైను చేదును పసిగట్టని ఈగలు, ఉప్పు తెలియని ఈగలు, కొన్ని వాసనలు తగలని ఈగలు. వీటన్నిటినీ ఏరి, ఏ జన్యువు చెడితే ఏది తెలియకుండా పోతుందో 1978లో ప్రకటించారు. వాసన పసిగట్టే జన్యువులను కనుగొన్నందుకు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చింది 2004లో. అంతకు పాతికేళ్ల ముందే బొంబాయి కొలాబా తీరాన ఈ వెతుకులాట మొదలైందంటే మనకు గర్వకారణం కాదా? వెరోనికా రోడ్రిగ్స్ గారు తానూ గొప్ప శాస్త్రజ్ఞురాలై, 2010లో కాన్సరుతో మరణించారు. గురువు కంటే శిష్యురాలే ముందు వెళ్లిపోవడం విధి.

బెంగుళూరులో నాటిన చెట్టు

ఒక విభాగంతో ఆయన తృప్తిపడలేదు. జీవశాస్త్రానికే అంకితమైన జాతీయ సంస్థ ఉండాలని చాలా ఏళ్లు కృషి చేశారు. స్థలం కోసం, నిధుల కోసం, అనుమతుల కోసం తిరగడం ఎంత ఓర్పుతో కూడిన పనో, సంఘం భవనం కట్టడానికి ఆఫీసుల చుట్టూ తిరిగిన వారెవరైనా చెబుతారు. చివరికి 1990 దశకం తొలి సంవత్సరాల్లో బెంగుళూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఆవరణలో జాతీయ జీవవిజ్ఞాన కేంద్రం, అంటే ఎన్.సి.బి.ఎస్., నిలబడింది. సిద్దీఖీ సాహెబ్ దానికి తొలి డైరెక్టరు. నేడు అది ప్రపంచానికి తెలిసిన సంస్థ.

సంస్థను కట్టిన తీరులోనూ ఆయన ముద్ర ఉంది. యువ శాస్త్రజ్ఞులను ఏరి తెచ్చేవారు. తెచ్చాక వారి దారిన వారిని పని చేయనిచ్చేవారు. వయసును బట్టి కాక, ప్రశ్నను బట్టి మనిషిని గౌరవించారు. డైరెక్టరు పదవి నుంచి తప్పుకున్నాక చాలామంది పెద్దలు చేసేట్లు అధ్యక్షత వహించే సభలకు పరిమితం కాలేదు. మళ్లీ తన ఈగల దగ్గరకు వెళ్లి కూర్చున్నారు. ఎనభై దాటినా ప్రయోగశాలకు రావడం మానలేదు.

సన్మానాలు ఎన్నో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాయి. 1976లో భట్నాగర్ పురస్కారం, 1984లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, అదే ఏడాది పద్మభూషణ్, 2003లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ విదేశీ సభ్యత్వం, 2006లో పద్మవిభూషణ్. ఆయన సతీమణి ఆసియా సిద్దీఖీ గారు స్వయంగా పేరున్న చరిత్ర పరిశోధకురాలు. ఒకే ఇంట్లో ఒకరు జీవకణాల చరిత్రా, ఒకరు మనుషుల చరిత్రా వెతికారన్నమాట. సంగీతమన్నా, ఫోటోగ్రఫీ అన్నా ఆయనకు ప్రీతి.

2013 జూలైలో బెంగుళూరు రోడ్డు మీద ఒక ద్విచక్ర వాహనం తగిలి ఆయన తలకు తీవ్రమైన గాయమైంది. జూలై 26న తుదిశ్వాస విడిచారు. వయసు ఎనభై ఒకటి. ఎనభై ఏళ్లు జీవాన్ని గౌరవించిన మనిషి ఇలా రోడ్డు మీద దెబ్బ తిని పోవడం తలుచుకుంటే బాధ కలుగుతుంది. బండి నడిపే మన యువకులు ఈ ఒక్క సంగతైనా గుర్తుంచుకోవాలి.

మనం నేర్చుకోవలసినది

ఈ జీవితంలోంచి మనం ఏం తీసుకోవాలి? పిల్లవాడు ఇంటర్ తప్పితే దుకాణంలో కూర్చోబెట్టడం, ప్యాసైతే ఇంజనీరింగా, ఎంబీబీఎస్సా అని రెండే దారులు చూపడం, ఆడపిల్లైతే పెళ్లి సంబంధాలు చూడడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. వృక్షశాస్త్రం చదువుతానని పిల్ల అంటే, దాంతో ఏం తింటావమ్మా అని అడిగేది మనమే. సిద్దీఖీ సాహెబ్ చదివింది ఆ వృక్షశాస్త్రమే. ఆయన ఏ మందూ కనిపెట్టలేదు, ఏ పరిశ్రమా పెట్టలేదు. కణం ఎలా పని చేస్తుందని అడిగారు. ఆ అడగడంలోంచే ఇవాళ కాన్సరు వైద్యం దాకా ఎన్నో దారులు తెరుచుకున్నాయి.

ఆయన దారిలో అడ్డంకులు లేకపోలేదు. జైలు వచ్చింది, వడగళ్ల వాన వచ్చింది, తనను నమ్మిన భాభా గారు హఠాత్తుగా పోయారు. ప్రతిసారీ ఆయన కొత్త ప్రశ్న పట్టుకుని నిలబడ్డారు. ఒక్క పరీక్ష పోతే జీవితమే పోయిందని కుంగిపోయే మన పిల్లలకు ఈ వడగళ్ల వాన కథ చెప్పాలి. చెప్పడమే కాదు, తప్పిన పిల్లవాణ్ణి తిట్టకుండా ఇంకొక దారి చూపే ఓపిక తల్లిదండ్రులుగా మనకూ ఉండాలి.

మరొక మాట. సైన్సు పరిశోధన అంటే డబ్బున్న వారికేనన్న అపోహ మనలో ఉంది. బెంగుళూరులో సిద్దీఖీ సాహెబ్ స్థాపించిన కేంద్రంలోనూ, మన హైదరాబాదు హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.లోనూ పరిశోధక విద్యార్థులను పరీక్ష, ఇంటర్వ్యూల ద్వారా ఎన్నుకుంటారు. ఎంపికైన వారికి నెలనెలా ఫెలోషిప్పు ఇస్తారు. బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. చదువుతున్న మన పిల్లలు వివరాలు తెలుసుకుని దరఖాస్తు పెట్టుకోవాలి. ఫారం నింపడం తెలియకపోతే, సిఫార్సు ఉత్తరం ఎవరిని అడగాలో తోచకపోతే సంఘం పెద్దలను కలవవలసిందిగా కోరుతున్నాము. డబ్లిన్ నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఎంత దూరం తీసుకుపోయిందో ఇప్పుడే చదివాం కదా.

జ్ఞానాన్ని ఆర్జించడం ప్రతి ముస్లిం పురుషుడికీ స్త్రీకీ విధి అని మనం వింటూనే పెరిగాం. వినడం అయింది. ఇక మన ఇళ్లలోంచి ఆ దారిన నడిచేవారు రావాలి. బస్తీ జిల్లా నుంచి బయలుదేరి ప్రపంచ విజ్ఞాన పటంలో భారతదేశానికి చోటు సంపాదించిన ఆ మహనీయునికి సంఘం తరఫున మా వినయపూర్వక నివాళి. అల్లాహ్ మన పిల్లలకు అట్టి ఇల్మ్‌ను, అట్టి సబ్ర్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.